అబింగ్డన్: ఫ్యాక్టరీ పోయింది, బోల్టులు మిగిలాయి

హైదరాబాద్ ట్రాఫిక్‌లో ముందున్న హెక్టర్ వెనకవైపు ఎనిమిది మూలల బిళ్ల ఒకటి కనిపిస్తుంది. లోపల రెండక్షరాలు: ఎం, జీ. ఆ కారు మన మార్కెట్లోకి వచ్చింది 2019లో. తయారయ్యేది గుజరాత్‌లోని హాలోల్‌లో. బ్రాండు చైనా కంపెనీ సాయిక్ చేతికి వచ్చి చాలాకాలమైంది. కానీ ఆ బిళ్లకు పేరు తెచ్చిన కార్లు దాదాపు అన్నీ ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో బిగించినవే. ఊరి పేరు అబింగ్డన్. ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణంగా పది కిలోమీటర్లు.

బ్రిటన్‌లో మనుషులు విడవకుండా కాపురం ఉంటున్న ఊళ్లలో తమదే పాతదని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. అదే మాట చెప్పుకునే ఊళ్లు ఇంకో రెండు మూడు ఉన్నాయి, ఆ తగాదా మనకెందుకు. నది మీద పాత రాతి వంతెన, కూలగొట్టగా మిగిలిన మఠం గోడలు, ఊరి నడుమ 1678-82 మధ్య కట్టిన కౌంటీ హాల్. రాజకుటుంబంలో పట్టాభిషేకమో పెళ్లో జరిగితే ఊరి పెద్దలు ఆ హాలు పైకప్పు ఎక్కి, కింద గుమిగూడిన జనం మీదికి బన్నులు విసురుతారు. తమాషాకు చెప్పడం లేదు, రెండున్నర శతాబ్దాలుగా నడుస్తున్న ఆచారమిది. ఆ హాలే ఇప్పుడు ఊరి మ్యూజియం. లోపల కుండపెంకుల పక్కనే ఈ ఊళ్లో చివరి రోజుల్లో తయారైన ఒక ఎంజీబీ కారు నిలబడి ఉంటుంది.

విలియమ్ మోరిస్‌కు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మోరిస్ గ్యారేజెస్ అనే దుకాణం పేరులోని మొదటి అక్షరాలే ఎం, జీ. ఆ దుకాణానికి 1922లో మేనేజరైన సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకు వేరే ఒళ్లు తొడిగి, కుర్రకారు మోజుపడేలా తీర్చిదిద్ది అమ్మాడు. గిరాకీ పెరిగి చోటు చాలక 1929లో అబింగ్డన్‌లోని పావ్‌లోవా తోళ్ల కంపెనీ ఆవరణలో కొంత భాగం తీసుకుని అక్కడికి మారారు. యాభై ఏళ్లు నడిచాక 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ జాగాలో ఇప్పుడు ఆఫీసులు, షెడ్లు. కింబర్ రోడ్డు, నఫీల్డ్ వే లాంటి వీధి పేర్లు మిగిలాయి. ఒక బీరు కూడా మిగిలింది. ఫ్యాక్టరీవాళ్లు చిల్లర పనులకు తిప్పే ఒక పాత ఎంజీ కారు మీద రంగు తుంపరలు పడీ పడీ అది చుక్కల కోడిలా తయారైందట. 1979లో ఫ్యాక్టరీ అబింగ్డన్‌కొచ్చి యాభై ఏళ్లయిన సందర్భంగా ఊరి బీరుబట్టీ మోర్లాండ్ ఆ కారు పేరు మీద ‘ఓల్డ్ స్పెకిల్డ్ హెన్’ అనే బీరు కాచింది. తర్వాత ఆ బట్టీ కూడా మూతపడింది. బీరు మాత్రం ఇంకో ఊళ్లో కాస్తున్నారు.

అంటే చూడ్డానికి ఫ్యాక్టరీ లేదు, వాసన చూడ్డానికి బట్టీ లేదు. అయినా అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి, జర్మనీ నుంచి పాత ఎంజీ కార్లవాళ్లు ఈ ఊరికి రావడం మానలేదు. ఫ్యాక్టరీ గోడను ఆనుకుని ఉన్న సెమెటరీ రోడ్డులో కింబర్ హౌస్ అనే ఇల్లుంది. అది 1930లో మొదలైన ఎంజీ కార్ క్లబ్బు కార్యాలయం. అక్కడి బీరువాల్లో ఫ్యాక్టరీ నాటి కాగితాలున్నాయి. ఏ నంబరు కారు ఎప్పుడు బయటికి వెళ్లింది, ఏ ఇంజను పడింది అన్నవి వాటిలో తెలుస్తాయి. ఆనాటి చాలా మోడళ్ల ఛాసిస్ నంబర్లు ఒకటితో మొదలవవు, 0251తో మొదలవుతాయి. ఎందుకంటే ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబరు అబింగ్డన్ 251. ఎంజీ టీసీ అనే మోడల్లో మొదటి కారు నంబరు టీసీ 0251. చాలాకాలం పాటు కొత్త మోడలు వస్తే లెక్క సాధారణంగా ఆ ఫోన్ నంబరు దగ్గరే మొదలయ్యేది.

కాగితాలతో కారు పుట్టిన తేదీ తేలుతుంది, రంగు తేలుతుంది. తేలనిది ఒక్కటే. ఆ కారును పట్టి ఉంచిన వందలాది నట్లు, బోల్టులు, మరమేకులు, వాషర్లు ఎలాంటివన్నది. పాత స్పోర్ట్స్ కారును మళ్లీ పుట్టినప్పటి రూపానికి తెచ్చేవాళ్లకు అసలు తలనొప్పి అక్కడే. సీటు తోలు డబ్బిస్తే కుట్టిస్తారు. రంగు కలిపిస్తారు. కార్బ్యురేటర్లు కొత్తవే దొరుకుతాయి. సరైన తల, సరైన మర, సరైన పూత ఉన్న ఒక బోల్టు కోసం మాత్రం నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు. అసలు కంటే కొసరు ముద్దు అనే మాట ఈ వ్యవహారానికి సరిగ్గా అతుకుతుంది.

ఒకే కారు, నాలుగు రకాల మరలు

ఎంజీ టీసీని తీసుకుందాం. 1945 నుంచి 1949 దాకా పదివేలు చేశారు. పొడవాటి ముక్కు, సన్నటి పెద్ద చక్రాలు, యాష్ చెక్క చట్రం మీద రేకు తొడుగు. పూర్తిగా ఇంగ్లిష్ కారు. దాని ఇంజను విప్పబోయి ఎంతమంది మెకానిక్కులు తల పట్టుకున్నారో లెక్కలేదు. బోల్టు తలకు ఇంగ్లిష్ విట్‌వర్త్ పానా సరిగ్గా పడుతుంది, తిప్పితే వస్తుంది. బయటికి తీసి గేజీ పెట్టి చూస్తే కింద ఉన్న మర మిల్లీమీటర్లలో! తల ఒక దేశానిది, కాలు ఒక దేశానిది.

దీని వెనకాల మొదటి ప్రపంచ యుద్ధం ఉంది. ఫ్రాన్స్‌లో మెషిన్ గన్నులు చేసే హాచ్‌కిస్ కంపెనీ, జర్మన్ సైన్యం తమ ఫ్యాక్టరీ దాకా వస్తుందేమోనన్న భయంతో 1915లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఇంకో ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధం అయిపోయాక గన్నులు ఎవరికి కావాలి? యంత్రాలు ఖాళీగా ఉన్నాయి. మోరిస్ తన కార్లకు ఇంజన్లు చేసిపెట్టమని అడిగాడు, వాళ్లు సరేనన్నారు. 1923లో మోరిస్ ఆ ఫ్యాక్టరీనే కొనేశాడు. అయితే అక్కడున్న యంత్రాలన్నీ ఫ్రెంచి కొలతలకు మర కోసేవి. వాటన్నిటినీ మార్చాలంటే బోలెడు ఖర్చు. అలాగని ఇంగ్లండ్‌లోని ప్రతి గ్యారేజీవాడూ మిల్లీమీటర్ల పానాలు కొనడు కదా. మధ్యేమార్గం కనిపెట్టారు. మర ఫ్రెంచిది ఉంచి, పానా పట్టే తల మాత్రం ఇంగ్లిష్ సైజులో చేశారు. అప్పటికి అది తెలివైన పనే. 1920ల్లో డబ్బు ఆదా చేయడానికి చేసిన ఆ ఏర్పాటు, మోరిస్ ఇంజన్ల విభాగంలో పాతుకుపోయి, 1955లో ఆగిన టీఎఫ్ మోడలు దాకా సాగింది. ఎక్స్‌పీఏజీ అని పేరున్న ఆ 1250 సీసీ ఇంజనును విప్పే ప్రతివాడూ ఇప్పటికీ హాచ్‌కిస్‌ను తలుచుకోక తప్పదు.

ఇంజను దాటి ఛాసిస్ దగ్గరికి వస్తే అక్కడ బీఎస్‌ఎఫ్ మర, అంటే బ్రిటిష్ వాళ్ల సన్న మర. డాష్‌బోర్డు వెనక మీటర్లు, కరెంటు సామాన్ల దగ్గర బీఏ మర. గడియారాల్లాంటి సున్నితమైన పనికి పుట్టిన ఈ బీఏ మర కోణం నలభై ఏడున్నర డిగ్రీలు. విట్‌వర్త్ మరది 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. పెట్రోలు గొట్టాల దగ్గర పైపు మర, అది బీఎస్‌పీ. ఇక చెక్క చట్రానికి చెక్క మరమేకులు సరేసరి. కారు చూస్తే చిన్నదే, అందులో ఇన్ని కొలమానాలు.

పానాల లెక్క ఇంకో గందరగోళం. విట్‌వర్త్ పానా మీద ‘పావు’ అని రాసి ఉంటే దాని నోరు పావు అంగుళం ఉండదు, అర అంగుళం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ పావు అనేది బోల్టు కాండం మందం. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు దేశమంతటా ఒకే లెక్క ఉండాలని ప్రతిపాదించినప్పుడు ఆయన దృష్టి బోల్టు కాండం మీదే ఉంది. ప్రపంచంలో మొదటి జాతీయ మర ప్రమాణం అదే. ఆ తర్వాత సన్న మర వచ్చి, దాని తల ఒక సైజు చిన్నదైంది. దాంతో ఒకే పానా మీద రెండు అంకెలు, రెండు పేర్లు చెక్కాల్సి వచ్చింది. కొత్తవాడు ఆ పానా పట్టుకుని బిత్తరపోతే తప్పు వాడిది కాదు.

ఇంతవరకూ సరదాగానే ఉంటుంది. ప్రమాదం మొదలయ్యేది దగ్గర దగ్గర కొలతల వల్ల. ఎక్స్‌పీఏజీ ఇంజనులో 8 మిల్లీమీటర్ల బోల్టులకు మర అడుగు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, సరిగ్గా 1 మిల్లీమీటరు. ఇప్పుడు మన బజారులో ఏ షాపులో అడిగినా దొరికే ఎం8 బోల్టు అడుగు 1.25. అది రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది, తేడా తెలిసిపోతుంది. ఆ రకంగా మేలు చేసిందే. మోసం చేసేది 5/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ బోల్టు, అంటే తర్వాతి కాలంలో వచ్చిన ఉమ్మడి సన్న మరది. దాని మందం 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు, అంటే అడుగు 1.06. కంటికి రెండూ ఒకటే. చేతికి కూడా ఒకటే. నాలుగు చుట్లు హాయిగా వెళ్తుంది, ఆ తర్వాత కాస్త బిగువుగా అనిపిస్తుంది. తుప్పు అనుకుని పానా వేసి తిప్పితే, ఎనభై ఏళ్ల నాటి ఇంజను బ్లాకులో మర చిరిగిపోతుంది. సరైన బోల్టు వెతకడం పోటీల్లో బహుమతి కోసమే అనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ అయోమయానికి మందు వేసింది. అమెరికావాళ్లు చేసిన విమానం ఇంజనుకు బ్రిటన్ బోల్టు పట్టకపోవడం, దాని నట్టు దీనికి రాకపోవడం యుద్ధంలో ప్రాణాల మీదికి వచ్చిన సంగతి. అందుకే 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. దాన్నే యూనిఫైడ్ అన్నారు. అందులో సన్న మర యూఎన్‌ఎఫ్. 1955లో ఎంజీఏ వచ్చేసరికి అబింగ్డన్‌లో ఛాసిస్, ఇంజను రెండూ ఈ కొత్త మరకు మారాయి.

మనకూ ఈ కథలో చుట్టరికం ఉంది. ఎంజీఏ మొదటి రకంలో ఉన్న బీఎంసీ బీ-సిరీస్ 1489 సీసీ ఇంజను, మన అంబాసిడర్ బానెట్ కింద దశాబ్దాలపాటు దడదడలాడిన ఇంజను ఒకే కుటుంబం. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు విప్పిన తరం మెకానిక్కులకు అంగుళాల పానాల సెట్టు వేరుగా దాచుకోవడం అలవాటే. ఆ మేస్త్రీల్లో ఒకరిని తీసుకెళ్లి ఎంజీఏ ముందు నిలబెడితే, ఒంటి వంపులు చూసి ముక్కున వేలేసుకున్నా, బానెట్ ఎత్తగానే పాత నేస్తాన్ని చూసినట్టు పలకరిస్తారు.

తల మీద రాత

మర సరిపోతే కారు నడుస్తుంది. ‘సరైన’ కారు అనిపించుకోవాలంటే బోల్టు తల చదవాలి.

అప్పటి బ్రిటిష్ బోల్టుల తలల మీద తయారుచేసిన కంపెనీ పేరు పొంగి ఉండేది. బీస్, ఆటో, జీకేఎన్, న్యూవాల్. పక్కనే బలం చెప్పే ఒక అక్షరం. ఆర్ అంటే చదరపు అంగుళానికి 45 టన్నుల లాగుడు తట్టుకుంటుంది. ఎస్ అంటే 50, టీ అంటే 55. యూనిఫైడ్ మర వచ్చాక పాత దానితో కలిసిపోకుండా ఇంకో గుర్తు పెట్టారు. తల నడిమిన గుండ్రటి చిన్న పల్లం, లేకపోతే పక్క అంచు మీద గొలుసులా ఒకదాన్నొకటి తాకే చిన్న వలయాలు. ఇవేవీ అలంకారాలు కావు. చీకటి షెడ్డులో మెకానిక్కు పొరపాటు పడకుండా పెట్టిన గుర్తులు. అరవై డెబ్బై ఏళ్ల తర్వాత అవే కారు జాతకం చెప్పే గీతలయ్యాయి.

ఇప్పుడు కొత్తగా కొనే యూఎన్‌ఎఫ్ బోల్టు తల మీద సాధారణంగా మూడు గీతలుంటాయి. అమెరికన్ లెక్కలో గ్రేడ్ 5 అని అర్థం. బలానికి ఏ లోటూ లేదు. కానీ 1958 నాటి ఎంజీఏ ముందు భాగంలో ఆ మూడు గీతలు కనిపిస్తే తెలిసినవాడి కన్ను అక్కడే ఆగుతుంది. 8.8 అని రాసి ఉన్న తల కనిపిస్తే మరీ అన్యాయం, అది మెట్రిక్.

ఈ తలల పుట్టిల్లు అబింగ్డన్ కాదు. బర్మింగ్‌హామ్ పక్కన డార్లస్టన్ అనే ఊరుంది. మనకు గుంటూరు మిరపకాయలు ఎలాగో వాళ్లకు డార్లస్టన్ నట్లు, బోల్టులు అలాగ. జీకేఎన్ అట్లాస్ వర్క్స్, రూబెరీ ఓవెన్ ఇక్కడివే. జీకేఎన్ అంటే గెస్ట్, కీన్, నెటిల్‌ఫోల్డ్స్. ఈ పేరు మన దేశానికీ వచ్చింది. హౌరాలో గెస్ట్ కీన్ విలియమ్స్, జీకేడబ్ల్యూ అనే పొట్టి పేరుతో దశాబ్దాలపాటు మరమేకులు, బోల్టులు చేసింది. మన పాత ఇళ్ల తలుపు బందులకు ఆ మరమేకులు వాడిన వడ్రంగులు ఇంకా ఉన్నారు.

మరమేకు గాడి కూడా కాలాన్ని చెప్పేస్తుంది. ఒంటి గాడి పాతది. ప్లస్ గుర్తు గాడి, ఫిలిప్స్ పేటెంట్లు 1936 నాటివి. ఆ ప్లస్ చేతుల మధ్య ఐమూలగా ఇంకో నాలుగు సన్న గీతలుంటే అది పోజిడ్రైవ్, బ్రిటన్‌లో జీకేఎన్ 1960ల్లో తెచ్చింది. ఎంజీఏ ఉత్పత్తి 1962లో ఆగిపోయింది. కాబట్టి ఎంజీఏ తలుపు లోపలి అట్టను పోజిడ్రైవ్ మరమేకులతో బిగించి ఉంటే, ఆ అట్టను తర్వాతెవరో విప్పారన్నమాట. ఇలాంటివి చూసేవాళ్లు టార్చి, అద్దం పట్టుకుని వస్తారు. చాదస్తమే. కానీ ఇతర ప్రపంచంలో దాన్నే పరిశోధన అంటారు.

కరెంటు సామాన్ల మీద తేదీలే ఉంటాయి. లూకాస్ కంపెనీ డైనమో మీదో డిస్ట్రిబ్యూటర్ మీదో నెలా ఏడాదీ, లేదా వారం సంఖ్యా ఏడాదీ అంకెలుగా కొట్టేది. కారు 1963 జూన్‌లో బయటికి వెళ్లిందని కాగితం చెప్తే, దాని డైనమో మీద తేదీ ఆ వసంతకాలంలోనో అంతకు కాస్త ముందో ఉండాలి. సెప్టెంబరు ఉంటే అది వేరే కారుది. మన లూకాస్-టీవీఎస్ పేరులో ఉన్న లూకాస్ ఇదే.

వైరు చక్రాల నడిమి నట్టు మీద మాత్రం ఎవరికైనా అర్థమయ్యే రాత ఉంటుంది. ఎడమ పక్క, కుడి పక్క, విప్పడానికి ఇటు తిప్పు అనే బాణం. కారు ఎడమ పక్క చక్రాలకు మామూలు మర, కుడి పక్క చక్రాలకు ఉల్టా మర. నడిచేకొద్దీ నట్టు బిగుసుకోవాలని చేసిన ఏర్పాటు. హబ్బులు మార్చి వేస్తే చక్రం నడిరోడ్డు మీద సెలవు తీసుకుంటుంది. రెక్కలున్న ఆ నట్టును రాగి తల సుత్తితో కొట్టి బిగిస్తారు. 1960ల చివర్లో అమెరికా భద్రతా నిబంధనలు ఆ రెక్కలు పాదచారులకు ప్రమాదమన్నాయి. అప్పటి నుంచి అక్కడికి వెళ్లిన ఎంజీబీలకు రెక్కల్లేని ఎనిమిది మూలల నట్టు వచ్చింది. అందం కోసం 1970 నాటి అమెరికా కారుకు రెక్కల నట్టు తగిలించేవాళ్లు చాలామందే. బాగుంటుంది కూడా. పుట్టినప్పుడు లేదంతే.

పూత దగ్గర మాత్రం నాకు కాస్త పట్టువిడుపు ఉండాలనిపిస్తుంది. ఆనాటి బోల్టులకు కాడ్మియం పూత ఉండేది. మెరుపు తక్కువ, వెన్నలాంటి నిగారింపు. ఇప్పుడు వేసే జింకు పూత నీలి ఛాయతో మిలమిలలాడుతుంది. కాడ్మియం విషం. యూరప్‌లో దాని వాడకం మీద గట్టి ఆంక్షలున్నాయి. ఒక ప్రదర్శన కోసం పూత పనివాడి మూత్రపిండాలు పణంగా పెట్టడం ఏ రకం నిజాయితీ? జింకు వేసి, మెరుపు తగ్గించే పద్ధతులున్నాయి, అవి చాలు. పూత ఏదైనా ఒక జాగ్రత్త తప్పదు. గట్టి ఉక్కు బోల్టును ఆమ్లంలో ముంచి పూత వేస్తే హైడ్రోజన్ లోపలికి దూరి ఉక్కు పెళుసెక్కుతుంది. పూత అయిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చాలి. లేకపోతే బిగించిన రోజు బాగానే ఉండి, వారం తర్వాత ఎవరూ తాకకుండానే తల తెగిపడవచ్చు. స్టీరింగు, బ్రేకుల దగ్గర బోల్టులకు ఈ ప్రయోగం అసలు చేయకూడదు.

అబింగ్డన్ కారు, కాలిఫోర్నియా బోల్టు

ఇంతకీ ఇవి దొరికేదెక్కడ? అబింగ్డన్‌లో మాత్రం కాదు. ఇక్కడ చేసిన కార్లలో అత్యధిక భాగం ఊరు దాటి, సముద్రం దాటి పోయాయి. పదివేల టీసీల్లో సుమారు రెండు వేలు అమెరికాకు చేరాయి. ఎంజీఏలు లక్షకు పైగా చేస్తే ఎక్కువ భాగం ఉత్తర అమెరికాకే. 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా వచ్చిన ఎంజీబీదీ అదే దారి. బ్రిటన్‌లో మిగిలినవాటిని వాన, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసి తినేశాయి. కాలిఫోర్నియా, అరిజోనా ఎండల్లో ఉన్నవి తోలు పగిలి, రంగు వెలిసినా ఇనుము చెక్కుచెదరలేదు. అందుకే ఇంగ్లండ్‌వాళ్లు తమ ఊరి కార్లను అమెరికా నుంచి ఓడల్లో వెనక్కి తెప్పించుకున్నారు. అలా వచ్చిన కారులో పుట్టినప్పటి బోల్టులు చాలావరకు స్వస్థానాల్లోనే ఉంటాయి. అది నడవకపోయినా ఫర్వాలేదు, చదవడానికి పనికొస్తుంది.

విడి భాగాల వ్యాపారం కూడా అక్కడే ముందు పుట్టింది. టీసీలు అమెరికాలో అడుగుపెట్టిన తొలి రోజుల్లోనే, 1948లో అల్ మాస్ లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన గ్యారేజీ, ఈనాడు బ్రిటిష్ కార్ల సామాన్లమ్మే పెద్ద సంస్థల్లో ఒకటైన మాస్ మోటార్స్ అయింది.

ఇంగ్లండ్‌లో రెండు చోట్లు చెప్పుకోవాలి. ఫిబ్రవరిలో వార్విక్‌షైర్‌లోని స్టోన్‌లీలో ఎంజీ, ట్రయంఫ్ కార్ల సామాన్ల సంత జరుగుతుంది. ఇంకోటి న్యూ ఫారెస్ట్ అడవి అంచున బ్యూలీలో, నేషనల్ మోటార్ మ్యూజియం పక్క మైదానంలో, సెప్టెంబరులో. 1967లో మొదలైన ఆ సంతలో కార్లకు సంబంధించి దొరకనిది లేదంటారు. ఎవరో చనిపోయిన మెకానిక్కు షెడ్డు ఖాళీ చేసి తెచ్చిన రేకు డబ్బాలు గడ్డి మీద పరిచి ఉంటాయి. లోపల నూనె కాగితంలో చుట్టిన వాడని బోల్టులు, ఫ్యాక్టరీ భాగం నంబరు రాసిన చీటీతో సహా. తెలిసినవాళ్లు మర గేజీ, చిన్న కాలిపరు, తలలు చూడ్డానికి భూతద్దం జేబులో వేసుకుని తెల్లారకముందే చేరతారు. డబ్బా మొత్తం బేరమాడి కొనేవాడు తెలివైనవాడు. ఏరుకుని ఒక్కటే అడిగితే అమ్మేవాడికి దాని విలువ తెలిసిపోతుంది.

కారు ఒళ్లే మిగలకపోతే? అబింగ్డన్‌కు వాయవ్యంగా, అదే కౌంటీలో విట్నీ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ ఉంది. మూతపడ్డ ఫ్యాక్టరీల అచ్చులు వెతికి సేకరించి, 1988 నుంచి ఎంజీబీ ఒళ్లు కొత్తగా చేసి అమ్ముతోంది. అచ్చులు అసలువే, రేకు కొత్తది. దాన్ని అసలు అనాలా నకలు అనాలా అని క్లబ్బుల్లో టీ చల్లారేదాకా వాదించుకుంటారు.

ఏది అసలు?

ఈ వాదనకు జవాబు అబింగ్డన్ పనితీరులోనే ఉంది. అక్కడ యంత్రంతో నడిచే కన్వేయర్ ఉండేది కాదు. ఒక చోట పని అయ్యాక కారును మనుషులే తోసుకుంటూ తర్వాతి చోటికి తీసుకెళ్లేవారు. ఇంజను ఒక ఊరి నుంచి, ఒళ్లు ఇంకో ఊరి నుంచి, కరెంటు సామాను బర్మింగ్‌హామ్ నుంచి వచ్చేవి. అబింగ్డన్ బిగించేది. బోల్టులు పెట్టెల్లో వచ్చేవి, తట్టల్లోకి ఒంపేవారు. ఈ వారం ఒక కంపెనీ సరుకు అయిపోతే వచ్చే వారం ఇంకో కంపెనీది. తట్ట అడుగున పాతవి మిగిలి, పైన కొత్తవి పడేవి. అందుకే ఎవరూ విప్పని కారులో కూడా ఒకే బ్రాకెట్టును పట్టుకున్న నాలుగు బోల్టుల మీద రెండు పేర్లు కనిపిస్తాయి.

కొందరు ఇవన్నీ ఒకే పేరు తలతో మార్చి, తలల మీది అక్షరాలన్నీ ఒకే దిక్కుకు నిలిచేలా బిగించి, చూసేవాళ్లు అబ్బురపడితే మురిసిపోతారు. ఫ్యాక్టరీలో గంట కొట్టేలోపు పని ముగించాలనుకునే మనిషి అక్షరాలు నిలువుగా ఉన్నాయా లేదా అని చూసేవాడా? అలా సవరించిన కారు అబింగ్డన్‌లో ఎప్పుడూ పుట్టని కారు. నా ఓటు అతుకుల బొంత లాంటి నాలుగు బోల్టులకే. అవి మారిస్తే పోయేది ఇనుము మాత్రమే కాదు, ఆ మధ్యాహ్నం ఆ తట్టలో ఏముందో చెప్పే సాక్ష్యం కూడా.

ఇంకో జాతి ఉంది. సంతలో సరైన తలలున్న బోల్టుల డబ్బా దొరికిందని, వాటికి తగ్గ కారు కోసం వెతికేవాళ్లు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు. వాళ్లను చూసి నవ్వుకోవచ్చు గానీ, పాత బోల్టుల గురించి ఎక్కువ తెలిసినవాళ్లు తరచూ వాళ్లే.

నిజంగా పనికొచ్చే పద్ధతి మాత్రం ఏ డబ్బూ అడగనిది. కారు విప్పేటప్పుడే ప్రతి బోల్టును తీసిన చోటు పేరు రాసి విడి సంచీలో వేయడం, విప్పేముందు ఫొటో తీయడం. తుప్పు పట్టిందని పాత బోల్టు పారేస్తే, తర్వాత దాని పొడవెంతో, వాషరు ఎటువైపు ఉండేదో చెప్పేవాళ్లుండరు. పనికిరాని బోల్టు కూడా కొలతకు పనికొస్తుంది. మర నుంచి మట్టి తుడిచి, వైరు బ్రష్షుతో మెల్లగా తోమితే తల మీద పేరు బయటపడుతుంది. ఇసుకతో కొట్టించే యంత్రంలో వేస్తే తుప్పుతో పాటు ఆ అక్షరాలూ పోతాయి. మన దగ్గర పాత కార్ల ప్రదర్శనల్లో కనిపించే ఎంజీల విషయంలో ఇది మరీ ముఖ్యం. మరలు చిరిగి, దొరికిన మెట్రిక్ బోల్టుతో మళ్లీ మర కోసి బిగించడం మన మేస్త్రీల చేతి చలవ. దాంతోనే ఆ బండ్లు ఇన్నేళ్లు బతికాయి. అసలు మరను వెనక్కి తేవాలంటే లోపల కొత్త తొడుగు వేసి పాత కొలతకు కోయాలి. ఖరీదైన పనే, కానీ జరిగే పని.

అబింగ్డన్ చూడాలనుకునేవాళ్లకు ఆక్స్‌ఫర్డ్ నుంచి బస్సులున్నాయి. కౌంటీ హాల్ మ్యూజియం ఊరి నడిబొడ్డునే. కింబర్ హౌస్‌కు వెళ్లాలంటే ముందుగా రాసి, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు పంపితే మంచిది. టీసీ నాటి వరకూ పాత కార్ల కాగితాలు వాళ్ల దగ్గర. ఎంజీఏ, ఎంజీబీ అయితే అడగాల్సింది అక్కడ కాదు, వార్విక్‌షైర్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంను. ఫ్యాక్టరీ లెడ్జర్లు చూసి, తయారైన తేదీ, రంగు, ఏ దేశానికి వెళ్లింది, ఏ అదనపు సామాన్లు పడ్డాయి అన్నవి రాసి, రుసుము తీసుకుని ధ్రువపత్రం ఇస్తారు. బోల్టుల సంగతి అందులో ఉండదు. దానికి ఫిబ్రవరిలో స్టోన్‌లీ వెళ్లడమే దారి.